మంచు పలక అంచున బండి నడపడం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గ్రీన్‌లాండ్ పశ్చిమ భాగంలోని కాంగెర్లుస్సువాక్ గురించి, ఆ ఊరి నుంచి, దీవిలో చాలా భాగాన్ని కప్పి ఉన్న మంచు పలక దాకా వెళ్లే మట్టిదారి గురించి గత సంచికలో రాసిన వ్యాసం చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. ఎక్కువమంది అడిగినది టండ్రా (చెట్లు పెరగని చలిప్రాంతపు) నేల మీద బండి నడపడం గురించే కాబట్టి ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాము. ఒకే సందేహం పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్ని మాత్రమే తీసుకున్నాము.

ప్రశ్న: గ్రీన్‌లాండ్‌లో ఒక పట్టణం నుంచి మరో పట్టణానికి రోడ్డే లేదంటారు కదా, మరి మంచు పలక దాకా దారి ఎలా వచ్చింది? ఎవరు వేశారు?
— ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: మీరు విన్నది నిజమే. అక్కడి జనం పడవల్లో, విమానాల్లో, హెలికాప్టర్లలో, చలికాలంలో కుక్కలు లాగే బళ్ల మీద, స్నోమొబైళ్ల మీద ఊరూరూ తిరుగుతారు. కాంగెర్లుస్సువాక్ చరిత్ర మాత్రం కొంచెం వేరు. ఆర్కిటిక్ వలయానికి కాస్త ఉత్తరంగా, పొడవైన సముద్రపు పాయ లోపలి కొసన ఉన్న ఈ చోట రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1941లో, అమెరికా సైన్యం ఒక వైమానిక స్థావరం కట్టి, 1992లో ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఆ రన్‌వే చుట్టూ పెరిగినదే ఇప్పటి ఊరు. ఆ తరవాత, ఇరవయ్యో శతాబ్దం ముగిసే రోజుల్లో, ఫోక్స్‌వాగన్ కంపెనీ తన కార్లను చలిలోనూ మంచు మీదా పరీక్షించుకోవడానికి ఊరి నుంచి మంచు పలక అంచుకు దారి వేయించింది. పరీక్షలు కొన్నేళ్లకే ఆగిపోయాయి గాని దారి నిలిచింది. సుమారు 35 కిలోమీటర్ల ఆ గులకదారి పాయింట్ 660 అని పిలిచే చోట ఆగుతుంది. ఇప్పుడు దాని మీద ఎక్కువగా తిరిగేవి పర్యాటకులను ఎక్కించుకున్న ఎత్తయిన చక్రాల బస్సులు, ఫోర్ వీల్ డ్రైవ్ బళ్లు. దూరం తక్కువే అయినా రాళ్లు, ఇసుక, వాన కోసిన గాడుల మధ్య గంటకు పైనే పడుతుంది.

ఇది కాక, కాంగెర్లుస్సువాక్ నుంచి పడమటి తీరంలోని సిసిమియుత్ పట్టణం దాకా ఏటీవీలు (ఎగుడుదిగుడు నేల మీద తిరిగే చిన్న మోటారు బళ్లు) వెళ్లగలిగే బాటను 2020 తరవాత క్వెక్కాతా పురపాలక సంస్థ వేయించింది. అక్కడ ఇలాంటి బాట మీద అభిప్రాయభేదాలు ఉండటం సహజమే. వేటకూ రాకపోకలకూ అది సాయపడుతుంది, అంతవరకూ మనిషి నడక తప్ప ఎరగని లోయలకు ఇంజన్ మోతను కూడా తీసుకువస్తుంది.

ప్రశ్న: నా దగ్గర మంచి ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంది, కొండల్లో నడిపిన అనుభవమూ ఉంది. చెట్టూ చేమా, ఊరూ వాడా లేని నేల మీద దారి దిగి నాలుగు చక్రాలు తిప్పితే ఎవరికి నష్టం? నిషేధాలన్నీ అతి జాగ్రత్త అనిపిస్తోంది.
— ఒక పాఠకుడు

జవాబు: మీ అనుమానం చాలామందికి ఉన్నదే గనక దీనికి కొంచెం వివరంగా జవాబు చెప్పాలి. చెట్లు లేకపోవడం వల్ల ఆ నేల ఖాళీగా కనిపిస్తుంది గాని, దగ్గరికి వంగి చూస్తే అరచేతి వెడల్పులోనే నాచు, లైకెన్లు, చీలమండ ఎత్తు దాటని విల్లో, బర్చ్ పొదలు, నల్లటి క్రోబెర్రీ పండ్ల తీగలు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. చేత్తో నొక్కితే ఆ అల్లిక తడి దుప్పటిలా దిగి మళ్లీ మెల్లగా పైకి లేస్తుంది. దాని వేళ్లు బతికేది వేసవిలో కరిగే పైపొరలోనే. ఆ పొర కొన్నిచోట్ల అర మీటరు లోతు కూడా ఉండదు, కొన్నిచోట్ల అంతకంటే బాగా ఎక్కువ. దాని కింద ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉండే నేల ఉంటుంది. పర్మాఫ్రాస్ట్ అనేది దాన్నే. అందులో మట్టితోపాటు గడ్డలుగా, పొరలుగా మంచు కూడా కలిసి ఉంటుంది.

వేసవి ఎండ కింది మంచును తాకకుండా అడ్డుపడేది పైనున్న ఆ నాచు అల్లికే. బరువైన బండి చక్రం ఒక్కసారి దాని మీద నుంచి వెళ్తే అది అణిగిపోయి లోపలి గాలి పోతుంది, చక్రం జారి గిర్రున తిరిగితే చీలి కింది మట్టి బయటపడుతుంది. బయటపడిన మట్టి నల్లగా ఉంటుంది కాబట్టి వేడిని ఎక్కువ పీల్చుకుంటుంది, కింది మంచు మునుపటికంటే లోతుగా కరుగుతుంది, కరిగినచోట నేల కుంగి గాడి అవుతుంది, గాడిలో నీళ్లు నిలుస్తాయి, ఆ నీళ్లు ఇంకా వేడిని కిందికి చేరవేస్తాయి. వాలు మీదనైతే ఆ గాడి వాగుగా మారి మట్టిని కోసుకుంటూ పోతుంది. బండి వెళ్లిపోయాక కూడా ఈ పని ఏళ్ల తరబడి దానంతట అదే సాగుతూనే ఉంటుంది. చల్లని చోట మొక్క పెరిగేది ఏడాదిలో కొద్ది వారాలే కాబట్టి గాయం మానడం చాలా ఆలస్యం. ఉత్తర అలాస్కాలో 1940లలో చమురు కోసం వెతికినవారి ట్రాక్టర్లు, బుల్డోజర్లు వేసిన జాడలు దశాబ్దాలు గడిచినా విమానం లోంచి గీతల్లా కనిపిస్తూనే ఉన్నాయి.

ఆ అనుభవం నుంచే అలాస్కా నిబంధన పుట్టింది. ఉత్తర వాలు (నార్త్ స్లోప్) అనే ప్రాంతంలోని ప్రభుత్వ భూముల్లో బరువైన బళ్లు దారి వదిలి టండ్రా మీదికి దిగాలంటే 30 సెంటీమీటర్ల లోతున నేల ఉష్ణోగ్రత మైనస్ 5 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి, పైన తగినంత మంచు పరుచుకోవాలి. తీరప్రాంతంలోనైతే అది సుమారు 15 సెంటీమీటర్లు, కొండపాదాల దగ్గర అంతకంటే ఎక్కువ. 1970లలో ఏడాదికి 200 రోజుల దాకా దొరికిన ఆ అనుమతి కాలం, వాతావరణం వేడెక్కడంతో 2000ల ఆరంభానికి దాదాపు సగానికి పడిపోయింది. నార్వే అధీనంలోని స్వాల్‌బార్డ్‌లోనూ 2001 నాటి పర్యావరణ చట్టం ప్రకారం మంచు కప్పని, గడ్డకట్టని నేల మీద దారి వదిలి మోటారు బండి నడపకూడదు. ఐస్‌లాండ్‌లో దారి దిగి బండి నడపడం చట్టరీత్యా నేరం, దానికి జరిమానాలూ ఉన్నాయి. మీరు అతి జాగ్రత్త అంటున్న ఈ నిషేధాలు కళ్లారా చూసిన నష్టం నుంచి వచ్చినవి. నా లెక్కన అవి ఉండవలసినంత కఠినంగానే ఉన్నాయి.

నష్టం మొక్కలకే పరిమితం కాదు. కాంగెర్లుస్సువాక్‌కు ఉత్తరంగా, మంచు పలక నుంచి సముద్రం దాకా పరుచుకున్న ఆసివిస్సుయిత్–నిపిసాత్ అనే ఇన్యుయిట్‌ల (ఆర్కిటిక్ మూలవాసుల) వేటభూమిని 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వేల ఏళ్లుగా వేసవి వేటకు వచ్చినవారు రెయిన్‌డీర్‌ను ఒకవైపుకు తరమడానికి వరసగా పేర్చిన రాళ్లు, మాంసం దాచుకున్న రాతి గూళ్లు, సమాధులు ఆ నేల మీద పైపైనే ఉన్నాయి. తెలియనివారి కంటికి అవి మామూలు రాళ్ల గుట్టలు. బోల్తా పడకుండా రాయిని పక్కకు తొలగించి చక్రం తిప్పే డ్రైవరుకు తాను ఏమి చెరిపేశాడో తెలిసే అవకాశమే లేదు.

ప్రశ్న: టైర్లలో గాలి తగ్గిస్తే నేలకు హాని తగ్గుతుందని విన్నాను. ఎంతవరకు తగ్గించవచ్చు?
— ఒక మోటారు మెకానిక్

జవాబు: కొంతవరకు నిజం. మెత్తటి నేల మీద టైరు మోపే ఒత్తిడి సుమారుగా అందులోని గాలి ఒత్తిడికి దగ్గరగా ఉంటుంది. రోడ్డు మీద 32 పిఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) గాలితో తిరిగే టైరును సగానికి దించితే అది నేలను ఆనే భాగం పొడవు పెరుగుతుంది, పక్క గోడ బయటికి ఉబికి రాళ్లకు గీసుకునే ప్రమాదమూ పెరుగుతుంది.  లోతైన మంచు మీద తిరగడానికి ఐస్‌లాండ్ వాళ్లు తయారుచేసుకున్న 38, 44 అంగుళాల టైర్ల బళ్లు ఆ సగం కంటే బాగా తక్కువకు కూడా దిగుతాయి. మామూలు రిమ్ముతో 15 కంటే బాగా కిందికి వెళ్తే మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి ఊడివస్తుంది, అందుకే అంత తక్కువ గాలితో తిరిగేవారు అంచును బిగించి పట్టే రిమ్ములు వాడతారు. గాలి దించిన బండిని వేగంగా నడపకూడదు, పక్క గోడ వేడెక్కి పగులుతుంది. చలి కూడా తన వంతు తీసుకుంటుంది. ఉష్ణోగ్రత 5 లేదా 6 డిగ్రీలు పడిపోయిన ప్రతిసారీ దాదాపు 1 పిఎస్‌ఐ దానంతట అదే తగ్గుతుంది కాబట్టి వెచ్చని షెడ్డులో కొలిచిన అంకెను బయట నమ్మకూడదు.

అయితే మెకానిక్‌గా మీకు తెలిసిన మాటే ఒకటి గుర్తు చేస్తాను. నేలను అణచేది బరువు, చీల్చేది చక్రం జారడం. ఎంత మెత్తని టైరైనా ఆక్సిలరేటర్ తొక్కి ఒక్కచోట నాలుగు చుట్లు తిప్పితే నాచు ఊడిపోతుంది. లో రేంజి గేరులో, రెండు పక్కల చక్రాలనూ ఒకే వేగంతో తిప్పే డిఫరెన్షియల్ లాకు ముందే వేసుకుని, ఆగకుండా జారకుండా కదిలేవాడు తక్కువ హాని చేస్తాడు. ఇదంతా అనుమతి ఉన్న బాట మీదనో, గడ్డకట్టి మంచు కప్పిన నేల మీదనో పనికివచ్చే మాట. వేసవిలో బాట వదిలి దిగడానికి గాలి తగ్గించడం అనుమతిపత్రం కాదు.

ప్రశ్న: మంచు కరిగి వచ్చే వాగులను దాటడం మన వరదకాలపు వాగులను దాటడం లాంటిదేనా?
— విశ్రాంత ఇంజనీరు

జవాబు: పోలిక ఉంది, తేడాలు కూడా ఉన్నాయి. మొదటి తేడా వేళ. వాన వాగు వానను బట్టి పొంగుతుంది, మంచు వాగు ఎండను బట్టి పొంగుతుంది. మధ్యాహ్నపు ఎండకు మంచు పలక మీద కరిగిన నీరు వాగులోకి చేరేసరికి పొద్దు దిగుతుంది కాబట్టి సాయంత్రం నీరు ఎక్కువగా, తెల్లవారుజామున తక్కువగా ఉంటుంది. ఉదయం మోకాలి కిందికి ఉన్న వాగును దాటి వెళ్లినవారు సాయంత్రం అదే చోట తిరిగి దాటలేక రాత్రంతా అవతలి గట్టున ఉండవలసి రావచ్చు. రెండో తేడా రంగు. హిమానీనదం రాళ్లను నూరిన సన్నని పిండి కలిసి నీరు బూడిదరంగులో ఉంటుంది, జానెడు లోతున ఉన్న బండరాయి కూడా కంటికి ఆనదు.

అందుకే దాటే ముందు దిగి, నడుముకు తాడు కట్టుకుని, పొడవాటి కర్రతో అడుగు తడుముతూ చూడటం పద్ధతి. ఆ నీరు గడ్డకట్టే స్థాయికి కాస్త పైన మాత్రమే ఉంటుంది. అందులో మనిషి నిలదొక్కుకుని నడవలేనిచోట బండి కూడా దాటకూడదు. ఇరుకైనచోట లోతు, వేగం రెండూ ఎక్కువ. వాగు పాయలుగా విడిపోయి వెడల్పుగా పరుచుకున్నచోట, ప్రవాహానికి కొద్దిగా ఏటవాలుగా, దిగువ దిశకు మొగ్గుతూ, మొదటి గేరులోనే నిదానంగా, మధ్యలో క్లచ్ నొక్కకుండా వెళ్లాలి. అవతలి గట్టు మీది ఒండ్రును కూడా అనుమానించాలి. పైన ఎండి తెల్లగా పగుళ్లు తీసి ఉంటుంది, కింద నీళ్లతో నిండిన ఊబి ఉంటుంది, ఇరుసు దాకా దిగితే ప్రతి కదలికకూ ఇంకా దిగుతుంది. చలి రోజుల్లో దాటిన వెంటనే బ్రేకులు రెండు మూడుసార్లు నొక్కి ఆరబెట్టాలి, తడి మీద హ్యాండ్ బ్రేకు వేసి వదిలితే అది గడ్డకట్టి చక్రం కదలదు.

వీటన్నిటికంటే పెద్ద ప్రమాదం ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున వచ్చే వరద. మంచు అడ్డుకట్టగా నిలిచిన ఒక సరస్సు, కాంగెర్లుస్సువాక్ దగ్గరి రస్సెల్ హిమానీనదం పక్కన 2007లోనూ 2008లోనూ మంచు కింద దారి చేసుకుని ఒక్కసారిగా ఖాళీ అయింది. 2012 జులైలో గ్రీన్‌లాండ్ మంచు పలక ఉపరితలం దాదాపు అంతటా కరిగిన రోజుల్లో కాంగెర్లుస్సువాక్ మధ్యగా పారే వాట్సన్ నది పొంగి, ఊరి వంతెనను దెబ్బతీసి, అక్కడ గట్టు కాపాడుతున్న ఒక భారీ లోడరును కొట్టుకుపోయింది. అంతటి యంత్రం నిలవలేని నీటి ముందు జీపు బరువు లెక్కలోకి రాదు.

ప్రశ్న: బండి దిగబడితే వించ్ (తీగతో బండిని లాగే యంత్రం) తగిలించడానికి అక్కడ చెట్లే ఉండవు కదా, ఏం చేస్తారు?
— ఒక పాఠకుడు

జవాబు: మొదటి జవాబు రెండో బండి. ఒంటరి బండితో ఆ ప్రాంతానికి వెళ్లనే కూడదు. అది లేనప్పుడు నేలలో పాతిన కొక్కెమో, పెద్ద బండరాయో ఆధారం. రాయికి తీగను నేరుగా చుట్టకుండా వెడల్పాటి పట్టీ వేయాలి, లేకపోతే తీగ రాయికి కోసుకుపోతుంది. ఆ రాయి ఎవరో పేర్చినది కాదని ముందు చూసుకోవాలి. స్టెప్నీ టైరును గోతిలో పాతి ఆధారంగా వాడటం ఇసుకలో బాగా పనిచేస్తుంది గాని, మూరెడు లోతులోనే గడ్డకట్టిన నేల తగిలేచోట అంత గొయ్యి తీయడమే కష్టం. చాలాసార్లు వించ్ అవసరమే పడదు. పార తీసుకుని చక్రాల ముందు మట్టి తీసి, గాలి తగ్గించి, చక్రాల కింద పట్టు పలకలు వేస్తే బండి బయటికి వస్తుంది. జాకీ కింద వెడల్పు చెక్క లేకపోతే బండి లేవదు, జాకీ దిగుతుంది.

ప్రశ్న: మంచు పలక మీదికే కారు ఎక్కించి నడపవచ్చా?
— ఒక కళాశాల అధ్యాపకుడు

జవాబు: నడిపినవారు ఉన్నారు, కాని అది టండ్రా మీద నడపడానికి కొనసాగింపు కాదు, వేరే విద్య. గ్రీన్‌లాండ్ మంచు పలక సుమారు 17 లక్షల చదరపు కిలోమీటర్ల మేర, ఆ దీవిలో దాదాపు 80 శాతం కప్పి, నడుమ 3 కిలోమీటర్లకు పైగా మందంతో ఉంటుంది. నడుమ భాగం చదునుగా ఉంటుంది, ప్రమాదమంతా అంచున ఉంటుంది. అక్కడ మంచు కదులుతూ చీలుతుంది, చీలికల మీద పడ్డ మంచు పలచని కప్పులా నిలిచి కింద పగులు ఉన్నట్టు తెలియనివ్వదు, వేసవిలో మంచు మీదే పారే వాగులు నిలువు బిలాల్లోకి దూకుతాయి. లోపలికి సరుకులు చేరవేసే ట్రాక్టర్ల బృందాలు అనుమానం ఉన్నచోట అన్నిటికంటే ముందు వెళ్లే బండికి పొడవాటి కమ్మీ కట్టి, దాని కొసన రాడార్ పెట్టి, మంచు లోపల చూసుకుంటూ నడుస్తాయి.

యంత్రాన్ని నమ్ముకుని వెళ్తే ఏమవుతుందో 1930లో ఆల్ఫ్రెడ్ వెగెనర్ నడిపిన జర్మన్ పరిశోధక యాత్ర చూపించింది. ఖండాలు కదులుతాయని చెప్పిన శాస్త్రవేత్త ఆయనే. పడమటి తీరం నుంచి దాదాపు 400 కిలోమీటర్ల లోపల ఐస్‌మిట్టె అనే స్థావరంలో చలికాలమంతా ఉండవలసినవారికి సరుకులు చేర్చడానికి ప్రొపెల్లర్‌తో నడిచే మోటారు స్లెడ్జిలు తెచ్చారు. కొత్తగా పడిన మెత్తని మంచులో అవి ముందుకు సాగలేదు. చివరికి కుక్కల బళ్ల మీద సరుకులు తీసుకుని వెగెనరే బయలుదేరి, అక్కడికి చేరి, తిరుగు ప్రయాణంలో ఆ నవంబరులో మరణించారు. ఆయనతో తిరిగి బయలుదేరిన గ్రీన్‌లాండ్ సహచరుడు కూడా మళ్లీ కనిపించలేదు. ఇవాళ ఇంజన్లు మెరుగుపడ్డాయి గాని మెత్తని మంచు, తెల్లని మసకలో నేలకూ నింగికీ తేడా తెలియకపోవడం అలాగే ఉన్నాయి. మంచు పలక మీద యాత్ర చేయాలంటే గ్రీన్‌లాండ్ ప్రభుత్వ అనుమతి కావాలి, గాలింపుకూ రక్షణకూ అయ్యే ఖర్చుకు బీమా చూపాలి.

ప్రశ్న: షెంగెన్ వీసా ఉంటే చాలా?
— ఒక పాఠకురాలు

జవాబు: చాలదు. గ్రీన్‌లాండ్ డెన్మార్క్ రాజ్యంలో భాగమైనా షెంగెన్ ప్రాంతంలో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో) లేదు. వీసా డెన్మార్క్ నుంచే పొందాలి, అది గ్రీన్‌లాండ్‌కు చెల్లుతుందని దాని మీద స్పష్టంగా రాసి ఉండాలి.

ప్రశ్న: దారిలో మస్క్ ఆక్స్ (ఒత్తయిన బొచ్చున్న ఆర్కిటిక్ పశువు) ఎదురైతే హారన్ కొట్టవచ్చా?
— పదో తరగతి విద్యార్థి

జవాబు: కొట్టకూడదు. 1962, 1965 సంవత్సరాల్లో ఈశాన్య గ్రీన్‌లాండ్ నుంచి తెచ్చి వదిలిన 27 జంతువుల సంతతే ఇప్పుడు కాంగెర్లుస్సువాక్ చుట్టూ వేల సంఖ్యలో ఉంది. భయపడితే మంద దూడలను నడుమ పెట్టుకుని కొమ్ములు బయటికి పెట్టి నిలబడుతుంది, ఒంటరి మగది నేరుగా మీదికి వస్తుంది. దూరంగా బండి ఆపి, ఇంజన్ కట్టి, వాటంతట అవి తప్పుకునేదాకా ఆగండి. చలికాలంలో వాటిని పరిగెత్తిస్తే కొవ్వు కరిగి వసంతం దాకా బతికే శక్తి తగ్గుతుంది.

ప్రశ్న: ఇన్ని జాగ్రత్తలు విన్నాక కూడా వెళ్లాలని ఉంది. ఏ నెలలో వెళ్లాలి, బండిలో ఏముండాలి?
— ఒక పాఠకుడు, ఆయన మిత్రబృందం

జవాబు: దారి వదిలి వెళ్లవలసిన పని ఉంటే మార్చి, ఏప్రిల్ నెలలే సరైనవి. నేల, సరస్సులు గట్టిగా గడ్డకట్టి ఉంటాయి, పగటి వెలుతురు సరిపడా ఉంటుంది. అయినా కాంగెర్లుస్సువాక్ చుట్టుపక్కల గాలి పొడిగా ఉండి మంచు తక్కువ పడుతుంది కాబట్టి నాచు తేలిన మిట్టలను తప్పించి, ఎక్కడెక్కడ బండి తిప్పవచ్చో పురపాలక సంస్థను అడిగి, స్థానికుడైన గైడు వెంటే వెళ్లాలి.

ఆ చలిలో మామూలు డీజిల్‌లో మైనం పేరుకుని ఫిల్టరు మూసుకుపోతుంది, అక్కడ అమ్మే చలికాలపు డీజిలే పోయించాలి. బ్యాటరీ మైనస్ 20 దగ్గర తన బలంలో సగం కోల్పోతుంది కనుక రాత్రి ఇంజన్ బ్లాకును వేడి చేసే హీటరు ఉండాలి. మంచుతుపానులో బండిలోనే ఉండిపోతే ఇంజన్ వేసేముందు ప్రతిసారీ దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీయాలి, లేదంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. ఊరు దాటాక సెల్‌ఫోన్ పనిచేయదు. భూమధ్యరేఖ మీద నిలిచి ఉండే ఉపగ్రహాలు అంత ఉత్తరాన దిగంతానికి దగ్గరగా ఉండి కొండల చాటుకు పోతాయి, ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలతో పనిచేసే ఇరిడియం ఫోను తీసుకెళ్లండి. దిక్సూచి అక్కడ అసలు ఉత్తరానికి 20 డిగ్రీలకు పైగా పడమరగా చూపుతుంది, పటం మీద ఆ తేడా సరిచేసుకోండి. వెళ్లే దారి, తిరిగొచ్చే గంట ఊళ్లో ఒకరికి రాసి ఇచ్చి వెళ్లండి.

వేసవిలోనే వీలుపడితే బాట వదలకండి. జూన్, జులైల్లో రాత్రి చీకటి పడదు గనక అలసట తెలియకుండా గంటల తరబడి నడుపుతారు, గడియారం చూసి ఆగాలి. దోమలు విపరీతం, ముఖానికి వల తప్పనిసరి. పాయింట్ 660 దగ్గర బండి ఆపి, గైడుతో కాలినడకన మంచు పలక మీదికి వెళ్లవచ్చు. రస్సెల్ హిమానీనదం ముందు మాత్రం, నిలువుగా లేచిన మంచు గోడ విరిగి పడుతుంటుంది కాబట్టి, నది ఒడ్డుకు దిగకుండా దూరం నుంచే చూడండి.